ఇరవై అంకెలు, నలభై ఎనిమిది అక్షరాలు

కుసుమంచి గణపేశ్వరాలయం మండపంలో ఒక మధ్యాహ్నం కూర్చుని చంపకమాల పద్యం ఒకదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. లఘువుకు వేలు ముడవడం, గురువుకు చాచడం. ఖమ్మం నుంచి సూర్యాపేట వైపు వెళ్లే దారిలో, పాలేరు జలాశయం చేరువలో ఉన్న కాకతీయుల నాటి గుడి ఇది. గర్భగుడిలో ఉన్న పెద్ద లింగాన్ని చూసి వచ్చి నీడకు కూర్చుంటే, కళ్లు వాటంతటవే రాళ్ల అతుకుల మీదికి పోతాయి. రాయి రాయిని మోస్తూ, బరువే బరువును పట్టి నిలుపుతున్న కట్టడం. నా చేతిలో ఉన్న పద్యంలోనూ జరిగింది ఇదే పని. అందుకే దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నాను.

పద్యం పావులూరి మల్లనదిగా తరతరాలుగా మనవాళ్లు చదువుకుంటున్నది. మల్లన రాసిన ‘సారసంగ్రహ గణితం’ తెలుగులో మనకు దక్కిన తొలి గణిత గ్రంథం. రాజరాజ నరేంద్రుడి నుంచి పిఠాపురం దగ్గరి నవఖండవాడను అగ్రహారంగా పొందిన కుటుంబం వారిది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ అతనికి మూలం. మహావీరుడికి సంఖ్యలను నగలుగా చూడడం సరదా. 14,28,57,143ను 7తో గుణిస్తే రెండు చివరలా ఒకట్లు, మధ్యలో ఎనిమిది సున్నాలు వచ్చి వరస పేర్చినట్టుంటుంది. ఇలాంటివాటిని అతను కంఠాభరణాలన్నాడు. మూలం జైనుడిది కాబట్టి ఉదాహరణల్లో జైనం ఉంటే, తెలుగులోకి వచ్చేసరికి మల్లన ఆ చోట్లలో శివుణ్ని నిలబెట్టాడు. లెక్క మారలేదు. లెక్కకు పద్యమనే చొక్కా తొడగడంలో మల్లన చూపిన నేర్పు మాత్రం పూర్తిగా తెలుగువాడిదే.

లెక్క మీకు తెలిసిందే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గడులూ నింపితే మొత్తం ఎంత? జవాబు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు. పలకాలంటే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన ఇంకా మిగులు. పదో శతాబ్దం దాటుతున్న రోజుల్లో అల్‌ బిరూనీ కూడా తన కాలగణన గ్రంథంలో ఇదే సంఖ్యను చివరి అంకె దాకా సరిగ్గా రాశాడు. మల్లన దీన్ని అంకెలేవీ వాడకుండా, చదువుకుని కంఠస్థం చేసుకునే పద్యంగా చెప్పాడు.

ముందు ఆ సంఖ్య ఎంత పెద్దదో మన కళ్లంలో నిలబడి చూడాలి. మొన్న కోతలప్పుడు ధాన్యం కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా పెడుతున్న హమాలీ ఒకాయనకు ఈ చదరంగం కథ చెప్పాను. ఆయన మొత్తం ఎంతని అడగలేదు.

“ఎన్నో గడిల బస్తా నిండుతది సార్?” అన్నాడు.

అంతకన్న మంచి ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు. దొడ్డు వడ్లు వెయ్యి గింజలు లెక్కపెట్టి తూస్తే ఇరవై గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. మొదటి వరసలో ఎనిమిది గడులూ కలిపి 255 గింజలు, అంటే అయిదు గ్రాములు. పక్షికి వేసినంత. రెండు వరసలు నిండేసరికి 65,535 గింజలు, కిలో మీద మూడు వందల గ్రాములు. 22వ గడిలో పడేవి 20,97,152 గింజలు, సుమారు 42 కిలోలు. కొనుగోలు కేంద్రంలో కుట్టే 40 కిలోల బస్తా అక్కడ నిండుతుంది. ఆ తర్వాత గింజలు మర్చిపోయి బస్తాలే లెక్కపెట్టవచ్చు. 32వ గడికి 1,024 బస్తాలు. 42వ గడికి పది లక్షలు దాటుతాయి. చివరి గడి ఒక్కదానికే 4,39,804 కోట్ల బస్తాలు కావాలి. బల్ల మొత్తం మీది వడ్ల బరువు 36,900 కోట్ల టన్నుల దగ్గర తేలుతుంది. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు ఇప్పుడు 80 కోట్ల టన్నుల చిల్లర. నాలుగు వందల యాభై ఏళ్ల పైచిలుకు భూమ్మీది వరి అంతా ఈ బల్ల మీదికే పోయాలి.

22వ గడి, ఒక బస్తా. ఈ మాట గుర్తుంచుకోండి, పద్యం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇంత పెద్ద మొత్తాన్ని 64 కూడికలు చేసి తెచ్చుకోనక్కర్లేదు. ఏ గడిలోని గింజలైనా దానికి ముందున్న గడులన్నీ కలిపిన దానికన్నా సరిగ్గా ఒకటే ఎక్కువ. 1, 2, 4 కలిపితే 7, తర్వాతి గడిలో 8. కాబట్టి 64 గడుల మొత్తం కావాలంటే లేని 65వ గడిని ఊహించుకుని అందులోంచి ఒక గింజ తీసేస్తే చాలు. ఆ 65వ గడికి చేరడానికి వర్గాలు కట్టడమే దగ్గర దారి. 2ను 2తో గుణిస్తే 4, 4ను 4తో గుణిస్తే 16, తర్వాత 256, తర్వాత 65,536, తర్వాత 4,29,49,67,296. దీన్ని మరోసారి దానితోనే గుణిస్తే చేరిపోయాం. మొత్తం ఆరు గుణకారాలు. మొదటి నాలుగూ నోటి లెక్కలే. ఆఖరిది మాత్రం ఇసుక పలక మీద చేసినవాడికి చెమట పట్టించి ఉంటుంది.

ఇక పద్యం పనితనం. పెద్ద సంఖ్యలను మాటల్లో చెప్పే భూతసంఖ్య పద్ధతి మన శాసనాలు చదివినవారికి పరిచయమే. శకసంవత్సరాలను అలా చెప్పడం వాటిలో కనిపిస్తుంది. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే 1. అగ్నులు మూడు కాబట్టి అగ్ని అంటే 3. సముద్రం 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, దిక్కుల ఏనుగులు 8, దేహానికున్న రంధ్రాలు 9, ఆకాశం 0. చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. మన సంఖ్య 615తో ముగుస్తుంది కాబట్టి పద్యంలో మొదటి మాట శర, అయిదు. ఇరవయ్యో మాట తుహినాంశుడు, చల్లని కిరణాల చంద్రుడు, ఒకటి.

ఇరవై అంకెల్లో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. ఒకటి, అయిదు, ఏడు మూడేసిసార్లు. సున్నా, ఆరు రెండేసిసార్లు. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కోసారి. రెండు అసలు లేదు. రెండును పట్టుకుని రెట్టిస్తూ పోతే వచ్చిన సంఖ్యలో రెండు కనపడకపోవడం నాకు ఎప్పుడూ చిత్రంగానే ఉంటుంది. నాలుగు నాలుగులకూ నాలుగు వేర్వేరు మాటలు పడ్డాయి: అబ్ధి, వేదం, పయోనిధి, పద్మజుడి ముఖాలు. మూడు ఏడులకు మూడు పేర్ల కొండలు: నగం, భూధరం, గిరి. ఒకట్లకు మూడు పేర్ల చంద్రులు. చూడగానే ఇది పునరుక్తి తప్పించుకునే కవి అలవాటు అనిపిస్తుంది. వేళ్ల మీద లెక్క పెడితే తెలుస్తుంది, ప్రతి పేరూ తప్పనిసరై వచ్చిందని.

చంపకమాల పాదానికి 21 అక్షరాలు. న, జ, భ, జ, జ, జ, ర గణాలు. పదకొండో అక్షరం యతి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. మూడు, నాలుగు అక్షరాల చోట రెండు లఘువులు కావాలి, చెప్పాల్సింది ఒకటి. అక్కడ శశి కూర్చున్నాడు. ఏడు, ఎనిమిది అక్షరాల చోట గురువు, లఘువు కావాలి, చెప్పాల్సింది మళ్లీ ఒకటే. శశి అక్కడ ఇమడడు, చంద్రుడు ఇమిడాడు. మూడో ఒకటికి రెండు లఘువులు, గురువు, లఘువు కావలసి వచ్చింది. తుహినాంశుడిని పిలవాల్సి వచ్చింది. ఒకే చంద్రుడు మూడు కొలతల్లో వచ్చి మూడు చోట్లా సరిపోయాడు.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఆరో మాట, సాయకం. అక్కడ చెప్పాల్సింది అయిదు. దానికి ముందు మాటా అయిదే, శర. బాణానికి సంస్కృతంలో పేర్లకు కరువు లేదు. గురువు మీద రెండు లఘువులున్న మాట కావాలంటే మార్గణం కూడా సరిగ్గా సరిపోతుంది. కానీ ఆ మాట మొదలయ్యేది పదకొండో అక్షరం దగ్గర. పాదం శకారంతో మొదలైంది, అక్కడ శ, ష, సల్లో ఒకటి రావాలి. మా పనికిరాదు, సా పనికొస్తుంది. విలువ అయిదు, కొలత గురులఘులఘువు, మొదటి హల్లు సకారం. మూడు షరతులూ ఒకే మాట తీర్చింది.

రెండో పాదంలో ఇదే ఇంకోలా జరిగింది. ఆరు చెప్పాలి. మొదటి పాదంలో ఆరుకు షట్కం వాడాడు. గురువు, లఘువు. రెండో పాదంలోనూ అదే కొలత కావాలి, మరి షట్కమే ఎందుకు వేయలేదు? ఈ పాదం ధకారంతో మొదలైంది. యతి స్థానంలో తవర్గాక్షరం కావాలి. ఆరు దర్శనాలను చెప్పే తర్కం వచ్చి ఆ చోట పడింది. షట్కాన్ని తెచ్చి ఇక్కడ పెడితే లెక్క తప్పదు, నడక తప్పదు, యతి తప్పుతుంది.

ఆ పాదం ధకారంతో మొదలవడం కూడా ఊరికే జరగలేదు. మొదటి పాదం శరతో మొదలై రేఫను ప్రాసగా నిలిపింది. ఇక మిగిలిన మూడు పాదాల్లోనూ రెండో అక్షరం రకారమే కావాలి. పదకొండో అంకె ఏడు. మల్లన దానికి భూధరం అన్నాడు, ఆ మాటను రెండు ముక్కలు చేశాడు. భూ అనే ముక్క మొదటి పాదం చివరి గురువైంది. ధర అనే ముక్క రెండో పాదం తలుపు తీసింది, ప్రాస దొరికింది. గిరి అనో నగమనో అంటే ఈ తలుపు తెరుచుకోదు. ఎనిమిదికీ ఇదే వైద్యం. గజం ఉంది, దంతి ఉంది, వసువులున్నారు, సర్పాలున్నాయి. కావలసింది కుంజరమే. కుం అనే గురువు రెండో పాదం చివర, జర మూడో పాదం మొదట. పాదం చివర మాట విరగడం తెలుగు పద్యానికి సహజం. కానీ ఇక్కడ విరిగిన ప్రతి మాటా ప్రాస కోసం విరిగింది. గుడి మూలల్లో రెండు గోడలకూ పనికొచ్చేలా చెక్కిన రాయిలాగా.

సంధులు కూడా చూడండి. సున్నా, ఏడు, మూడు వరసగా వచ్చిన చోట వియత్తు, నగం, అగ్ని మూడూ కరిగి ఒకే మాటగా అతుక్కున్నాయి. తకారం నకారమై ద్విత్వం వచ్చేసరికి ముందున్న యకారం గురువైంది. అకారాలు రెండు కలిసి దీర్ఘమయ్యేసరికి గకారం గురువైంది. విడివిడిగా ఉంటే ఆ మూడు మాటల బరువులు చంపకమాలకు ఒదగవు. కలిపాక అతుకు కనబడదు. ఆ సున్నాను ఇంకో క్షణం చూడాలి. సంఖ్య నడిమధ్యలో ఏమీ లేని స్థానాన్ని ఆకాశమని పేరు పెట్టి పిలిచి, దానికీ అక్షరాలు ఇచ్చి, అందరితో సమానంగా కూర్చోబెట్టారు. స్థానం విలువ తెలిసినవాళ్లే అలా చేయగలరు.

ఇరవై అంకెలూ మూడో పాదం ఆరో అక్షరంతో అయిపోతాయి. 21, 21, 6. మొత్తం 48 అక్షరాలు. మిగిలిన 36 అక్షరాల్లో ఇది చదరంగం ఇళ్ల రెట్టింపుకు సంకలితమని, అంటే మొత్తమని, లోకప్రసిద్ధమని చెప్పి ముగించాడు. గడిని ఇల్లు అన్నాడు, అది నాకు బాగుంది. ఒక రాయసగాడు నిద్రమత్తులో ఒక అంకెను తప్పు రాస్తే తాటాకు మీద దాన్ని పట్టుకునే దిక్కు ఉండదు. ఒక మాటను తప్పు రాస్తే మాత్రం గణం కుంటుతుంది, లేదా యతి విరుగుతుంది, లేదా ప్రాస పోతుంది. ఇంతకాలం ఇరవై అంకెలూ చెక్కుచెదరకుండా మన దాకా వచ్చాయంటే ఛందస్సు కాపలా కాసింది.

ఛందస్సుకు ఈ లెక్కతో ఉన్న చుట్టరికం అంతకన్నా పాతది. ఒక్కో అక్షరం లఘువో గురువో కావచ్చు కాబట్టి అక్షరం పెరిగినప్పుడల్లా సాధ్యమయ్యే వృత్తాలు రెట్టింపవుతాయి. ఒక అక్షరానికి 2, రెండింటికి 4, మూడింటికి 8. ఆ ఎనిమిదే మన గణాలు. సగం చేస్తూ పోయి, మళ్లీ వర్గం కడుతూ తిరిగి వచ్చే దగ్గర దారిని పింగళుడు తన ఛందశ్శాస్త్రంలోనే చూపించాడు. ఒక అక్షరం నుంచి 26 అక్షరాల దాకా ఉన్న సమవృత్తాలన్నీ కలిపి 13,42,17,726 అని మన లాక్షణికులు చెబుతారు. అదీ రెట్టింపుల సంకలితమే. చదరంగం లెక్క తెలియకముందే పద్యం రాసేవాడికి ఈ లెక్క తెలుసు.

21 అక్షరాల ఛందానికి ప్రకృతి అని పేరు. అందులో పుట్టగల వృత్తాలు 20,97,152. ఈ సంఖ్య ఇంతకుముందు ఎక్కడ చూశాం? 22వ గడిలో, హమాలీ అడిగిన బస్తాలో. ఆ బస్తాలో ఒక్కో గింజ ఒక్కో నడక అనుకుంటే ప్రస్తారం వేసే క్రమంలో, అంటే గురులఘువుల అమరికలన్నీ వరసగా రాస్తూ పోతే, చంపకమాల 7,11,600వ గింజ. కావాలంటే చేసి చూసుకోవచ్చు. లఘువు ఉన్న స్థానాలకు చదరంగం గడుల విలువలు వేయండి, మొదటి అక్షరానికి 1, రెండో అక్షరానికి 2, మూడోదానికి 4. గురువులకు ఏమీ వేయకండి. కూడితే 7,11,599 వస్తుంది. ప్రస్తారంలో మొదటి వరస అన్నీ గురువులే కాబట్టి ఇంకొక్కటి కలపాలి. రెట్టింపుల మొత్తాన్ని చెప్పడానికి మల్లన ఎంచుకున్న పాత్రే రెట్టింపులతో తయారైంది. అదే కొలతతో మన సంఖ్యను రాస్తే ఏమవుతుందో తెలుసా? వరసగా 64 లఘువులు. ఒక్క గురువూ ఉండదు. ఈనాటి కంప్యూటరు 64 బిట్లలో పట్టుకోగల అతి పెద్ద సంఖ్య ఇదే, అందులో 64 ఒకట్లు.

సంఖ్య లోపలి కట్టడం కూడా చూడాలి. బల్లను కాగితంలా మడవండి. ఒక మడతకు సగం, 32 గడులు. కింది సగం మొత్తం 4,29,49,67,295 గింజలు. పై సగంలో ప్రతి గడీ దానికి 32 గడుల ముందున్న గడికి 4,29,49,67,296 రెట్లు. కాబట్టి మొత్తం బల్ల అంటే కింది సగాన్ని 4,29,49,67,297తో గుణించినట్టు. ఇంకోసారి మడిస్తే 65,537 బయటికొస్తుంది. ఇంకో మడతకు 257. ఆపైన 17, 5, 3. ఆరు మడతలు, ఆరు గుణకాలు. సంఖ్యను తయారు చేయడానికి పట్టిన ఆరు వర్గాలే తిరుగుదారిలో ఇలా ఎదురవుతాయి.

ఈ ఆరింటినీ ఫ్రాన్సులో గణితవేత్త ఫెర్మా వేరే దారిలో చేరుకున్నాడు. 1640లో ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. 3, 5, 17, 257, 65,537 నిజంగానే ప్రధానాలు. 1796లో గాస్ వృత్తలేఖిని, కొలబద్ద మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని నిరూపించినప్పుడు వెనక ఉన్నది ఈ కుటుంబమే. ఆరోది, 4,29,49,67,297 మాత్రం చాలాకాలం ఎవరికీ లొంగలేదు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 67,00,417ల లబ్ధంగా విడగొట్టాడు. 641 చూడడానికి ఏ ప్రత్యేకతా లేని సంఖ్య. లోపల మాత్రం అది 5 ఇంటు 128 ప్లస్ 1, ఇంకో వైపు నుంచి 625 ప్లస్ 16. అంటే అయిదుకూ రెండుకూ రెండు విధాల చుట్టం. ఆ రెండు బంధాలనూ కలిపితేనే పట్టు దొరుకుతుంది. దానితో మల్లన సంఖ్య పూర్తిగా విడిపోయింది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు. అందువల్ల దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు సరిగ్గా 128. అదీ రెట్టింపు వరసలోదే.

మండపంలో ఆ మధ్యాహ్నం చివరికి నేను చేసిన పని ఇది. పద్యాన్ని వెనక నుంచి చదువుతూ, ఒక్కో మాటను అంకెగా దించుకుంటూ, 641తో భాగించాను. తుహినాంశుడితో మొదలుపెట్టి, ఏనుగు, బ్రహ్మ ముఖాలు, సముద్రం. 1,844లో రెండుసార్లు. కాగితం మీద భాగఫలం ఒక్కో అంకె పెరుగుతూ పోయింది. ఆకాశాలు రెండూ దాటాయి, కొండలు దాటాయి. పద్యం మొదటి మాట ఒక్కటే మిగిలేసరికి చేతిలో శేషం 320. శర దించాను. 3,205. అందులో 641 అయిదుసార్లు. శేషం సున్నా.